క్రోకర్ దీవి పిల్లలు దాటిన దూరం

ఆస్ట్రేలియా పటం తీసి, ఉత్తరపు అంచున డార్విన్ ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి ఈశాన్యంగా సుమారు 250 కిలోమీటర్లు వెళ్తే కోబర్గ్ ద్వీపకల్పం పక్కనే ఒక దీవి కనిపిస్తుంది. దాని పేరు క్రోకర్. ప్రధాన భూభాగానికీ దీనికీ నడుమ బోవెన్ జలసంధి. దీవిలో చెప్పుకోదగ్గ ఊరు ఒక్కటే, మింజిలాంగ్. జనాభా రెండు మూడు వందలు. వెళ్ళాలంటే చిన్న విమానం ఎక్కాలి, లేదంటే పడవ. సామాన్లు బార్జి మీద వస్తాయి. ఇది ఆదివాసుల సొంత భూమి కాబట్టి బయటివాళ్ళు ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఈ తీరంలో చింతచెట్లున్నాయి. ఎవరో తోటమాలి నాటినవి కావు. ఇప్పటి ఇండోనేషియాలోని మకస్సార్ నుంచి బెస్తలు ఏటా వాయవ్యపు గాలులు మొదలవగానే తెరచాప పడవల్లో ఇక్కడికి వచ్చేవాళ్ళు. సముద్రం అడుగున పాకే ట్రెపాంగ్ అనే మెత్తటి జీవిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి, చైనా బజార్లకు అమ్మేవాళ్ళు. గాలి తిరగ్గానే వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. తమతో తెచ్చుకున్న చింతపండు వాడుకుని గింజలు వదిలేస్తే అవే చెట్లయ్యాయి. 1907తో ఆ రాకపోకలు ఆగిపోయాయి. కానీ ఇవైజా, మావుంగ్ వంటి ఇక్కడి భాషల్లో మకస్సార్ మాటలు నేటికీ ఉన్నాయి. తెల్లవాళ్ళు ఈ తీరాన కాపురం పెట్టకముందే ఇక్కడి జనానికి విదేశీ వ్యాపారం తెలుసు. బ్రిటిషువాళ్ళు 1838లో కోబర్గ్ మీద పోర్ట్ ఎస్సింగ్టన్ దగ్గర ఒక పట్నం కట్టబోయి, జ్వరాలకూ తుపానుకూ తట్టుకోలేక 1849లో వదిలేసి పోయారు. ఇవైజా వాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈ చిన్న దీవికి రెండో ప్రపంచయుద్ధంలో ఒక కథ ఉంది. 1942లో, జపాన్ బాంబులు ఉత్తర ఆస్ట్రేలియా మీద పడుతున్న రోజుల్లో, ఇక్కడి మెథడిస్టు మిషన్ నుంచి 95 మంది ఆదివాసీ పిల్లలు బయల్దేరారు. పడవ మీద, దోనెల మీద, కాలినడకన, లారీల్లో, రైళ్ళలో ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి సిడ్నీ చేరారు. దాదాపు 5,000 కిలోమీటర్లు, 44 రోజులు.

దీన్ని సాహసయాత్రగా చెప్పడం సులువు. చాలాకాలం అలాగే చెప్పారు. ఆ సాహసం నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ పిల్లలు ఆ దీవిలో ఎందుకున్నారు, అప్పుడు వాళ్ళ అమ్మలు ఎక్కడున్నారు అని అడగకుండా ఆ యాత్ర గురించి రాస్తే సగం కథే అవుతుంది. అందులోనూ తేలిక సగం.

చట్టం చేతిలో పిల్లలు

నార్తర్న్ టెరిటరీలో 1918లో అబోరిజినల్స్ ఆర్డినెన్స్ వచ్చింది. ఆదివాసీ పిల్లలందరికీ, తల్లి ఆదివాసీ, తండ్రి ఆదివాసి కాని పిల్లలందరికీ చట్టబద్ధ సంరక్షకుడు ప్రభుత్వాధికారే అని అది ప్రకటించింది. తల్లి బతికే ఉన్నా, బంధువులు ఉన్నా సరే, పద్దెనిమిదేళ్ళ వరకు ఆ పిల్లల మీద హక్కు అధికారిదే. ఆ అధికారి హోదా పేరు మొదట చీఫ్ ప్రొటెక్టర్. 1939 తర్వాత నేటివ్ అఫైర్స్ డైరెక్టర్. పేరు మారింది గానీ అధికారం మారలేదు.

పశువుల ఎస్టేట్లలో, గనుల దగ్గర, టెలిగ్రాఫ్ లైన్ల వెంబడి తెల్లవాళ్ళకు పుట్టిన పిల్లల్ని చట్టం 'హాఫ్ కాస్ట్' అంది. వాళ్ళను తల్లుల దగ్గర ఉంచితే ఆదివాసులుగానే పెరుగుతారనీ, తీసుకొచ్చి పెంచితే తెల్లవాళ్ళ సమాజంలో కలిసిపోతారనీ ప్రభుత్వం నమ్మింది. పని అప్పజెప్పింది పోలీసులకు. వాళ్ళు గుర్రాల మీద వచ్చేవాళ్ళు. తల్లులు పిల్లల ఒంటికి మసి, బొగ్గు పూసి, నల్లగా కనిపించేలా చేసి పొదల్లో దాచేవాళ్ళని ఆ తరం వాళ్ళు ఎంతోమంది చెప్పారు. దొరికినవాళ్ళను డార్విన్‌లో కాలిన్ కాంపౌండ్‌కు, ఆలిస్ స్ప్రింగ్స్‌లో బంగళా అని పిలిచే వసతికి తరలించేవాళ్ళు. రెండు చోట్లా రేకుల షెడ్లు, కిక్కిరిసిన పడకలు.

కాలిన్ 1939లో మూతపడింది. ఈ పిల్లల్ని చర్చిలకు అప్పగించి దీవుల్లో మిషన్లు పెట్టించాలన్నది కొత్త పథకం. కాథలిక్కులకు మెల్విల్ దీవిలోని గార్డెన్ పాయింట్, మెథడిస్టులకు క్రోకర్. దీవుల్నే ఎందుకు ఎంచుకున్నారో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. తల్లి నడుచుకుంటూ రాలేదు, పిల్ల పారిపోలేదు.

క్రోకర్‌లో మెథడిస్టులు తలపెట్టిన పద్ధతి కాలిన్ కంటే మెరుగైనదే, అది ఒప్పుకోవాలి. పెద్ద షెడ్డుకు బదులు చిన్న చిన్న ఇళ్ళు కట్టి, ఒక్కో ఇంట్లో కొందరు పిల్లల్ని ఉంచి, వాళ్ళను చూసుకోవడానికి ఒక 'కాటేజీ మదర్'ను పెట్టాలనుకున్నారు. 1941 చివర్లో పిల్లలు దీవికి రావడం మొదలైంది. అలా అమ్మల స్థానంలోకి వచ్చినవాళ్ళలో మార్గరెట్ సోమర్‌విల్ ఒకరు. అప్పటికి ఆమె వయసు ముప్పైకి దగ్గర. ఇంట్లో కుదురుకుని, పిల్లల పేర్లు పట్టుబడకముందే పెర్ల్ హార్బర్ వార్త వచ్చింది.

ఫిబ్రవరి 19

డిసెంబరు మధ్యలో ఆస్ట్రేలియా యుద్ధ మంత్రివర్గం డార్విన్ నుంచి ఆడవాళ్ళనూ పిల్లల్నీ పంపేయమని ఆదేశించింది. ఓడల్లో, విమానాల్లో, రోడ్డు మీద జనం దక్షిణానికి వెళ్ళిపోయారు. 1942 ఫిబ్రవరి 19 ఉదయం పది గంటలకు కాస్త ముందు, నాలుగు విమానవాహక నౌకల నుంచి లేచిన 188 జపాన్ విమానాలు డార్విన్ రేవు మీద, పట్నం మీద పడ్డాయి. మధ్యాహ్నానికి ఇంకో 54 బాంబర్లు వచ్చి వైమానిక స్థావరాన్ని ధ్వంసం చేశాయి. 230 మందికి పైగా చనిపోయారు. పెర్ల్ హార్బర్ దాడికి ముందు నడిచిన మిత్సువో ఫుచిదాయే ఈ దాడికీ నాయకుడు. అక్కడి నుంచి 1943 నవంబరు దాకా డార్విన్ మీద 64 సార్లు వైమానిక దాడులు జరిగాయి.

క్రోకర్ దీవి కూడా అదే ఉత్తర తీరంలో ఉంది. మిషన్‌లోని తెల్ల ఆడవాళ్ళకు వెళ్ళిపొమ్మని కబురొచ్చింది, వెళ్ళే దారి కూడా చూపించారు. పిల్లలకు మాత్రం చోటు లేదు. మార్గరెట్ సోమర్‌విల్, జెస్ మార్చ్, ఆలివ్ పీక్ ముగ్గురూ పిల్లల్ని వదిలి పోమన్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. చట్టం కాగితం మీద ఈ పిల్లలకు తల్లీ తండ్రీ అన్నీ ప్రభుత్వమే. ఆ హక్కుతోనే తల్లుల చేతుల్లోంచి లాక్కుంది. తీరా నెత్తిన బాంబులు పడే రోజు వచ్చేసరికి ఆ సంరక్షకుడి దగ్గర ఈ పిల్లల కోసం ఒక పడవ లేదు. జీతం మీద వచ్చి, ఈ పిల్లలతో కొద్దికాలపు పరిచయం మాత్రమే ఉన్న ముగ్గురు ఆడవాళ్ళు ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నారు. ఆ ముగ్గురినీ ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ ప్రభుత్వాన్ని మాత్రం ఏ కోణం నుంచి చూసినా క్షమించలేను.

అది నడివానాకాలం. ఉత్తర ఆస్ట్రేలియాలో డిసెంబరు నుంచి మార్చి దాకా ఆకాశం దించినట్టు కురుస్తుంది. ప్రధాన భూభాగం మీద లారీ నడిచే దారి ఉండదు. నదులు ఒడ్లు తెంచుకుని మైళ్ళకొద్దీ పరుచుకుంటాయి. అందుకని వాళ్ళు వానలు తగ్గేదాకా దీవి మీదే ఉండాల్సి వచ్చింది. వెళ్ళడానికి దారి కుదిరింది ఏప్రిల్‌లో.

గడ్డి, మొసళ్ళు, పట్టాలు

మొదటి మజిలీ మిషన్ పడవ మీద. జలసంధి దాటి ప్రధాన భూభాగపు ఒడ్డున దిగారు. అక్కడి నుంచి దక్షిణానికి, లోపలికి. గమ్యం ఓయెన్‌పెల్లి. ఇప్పుడు దాన్ని గన్‌బలాన్యా అంటారు. అప్పట్లో అక్కడ ఆంగ్లికన్ల మిషన్ ఉండేది.

ఏప్రిల్ నెలలో ఆ నేల ఎలా ఉంటుందో తెలిస్తేగానీ ఆ నడక అర్థం కాదు. అక్కడి బినింజ్ జనం ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కపెడతారు. వానలు వెనకబట్టే ఈ కాలాన్ని బంగ్గెరెంగ్ అంటారు. వానాకాలమంతా పెరిగిన బల్లెపు గడ్డి మనిషి తల మునిగేంత ఎత్తుంటుంది. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ గాలివాన ఒకటి వచ్చి ఆ గడ్డినంతా నేలకు పడగొడుతుంది. పడిన గడ్డి కింద నీళ్ళెక్కడో, గట్టినేల ఎక్కడో కనిపించదు. బురదలో కాలు దిగబడుతుంది. గింజల ముళ్ళు బట్టలకు అతుక్కుని చర్మంలోకి దిగుతాయి. సాయంత్రమైతే దోమల దండు. పెద్దవాళ్ళకే ప్రాణం తీసే దారి అది. ఈ గుంపులో చంకనెక్కే వయసు పిల్లల నుంచి పదిహేను పదహారేళ్ళ వాళ్ళ దాకా ఉన్నారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని ఎత్తుకోవాలి, తిండి మూటలు మోయాలి, ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టుకోవాలి.

ఓయెన్‌పెల్లి దాటగానే ఈస్ట్ అలిగేటర్ నది. అలిగేటర్లు ఈ ఖండంలో లేనే లేవు. తొలి ఆంగ్లేయ నావికుడు ఉప్పునీటి మొసళ్ళను చూసి అలా పేరు పెట్టేశాడు. సముద్రం ఎక్కడో ఉన్నా పోటు ఈ నదిలోకి ఎగదన్నుకుని వస్తుంది. పోటు తిరిగే వేళకు చేపలు గుంపులుగా పైకి ఎగబాకుతాయి, వాటి కోసం మొసళ్ళు రేవు దగ్గరే కాచుకుని ఉంటాయి. ఇప్పుడు కకాడు పార్కు చూడటానికొచ్చే యాత్రికులు కేహిల్స్ క్రాసింగ్ దగ్గర ఒడ్డున నిలబడి ఆ దృశ్యాన్ని ఫొటోలు తీసుకుంటారు. నీళ్ళలోకి కాలు పెట్టొద్దని బోర్డులుంటాయి. 1942లో ఆ నదిని ఈ పిల్లలు దోనెల్లో దాటారు. చెట్టు తొలిచి చేసే దోనెలో ఒక్కసారికి ఎందరు పడతారు? అటు దింపి, ఇటు వచ్చి, మళ్ళీ ఎక్కించుకుని, 95 మంది అవతలి ఒడ్డుకు చేరేదాకా ఆ తెడ్డు ఆగి ఉండదు.

తర్వాత కొంత నడక, కొంత లారీ. అలా పైన్ క్రీక్ చేరేసరికి రైలు పట్టాలు తగిలాయి. కానీ డార్విన్ నుంచి దక్షిణానికి వెళ్ళే ఆ లైను బర్డమ్ అనే చోట ఎడారి ముఖం చూసి ఆగిపోయేది. అక్కడికీ ఆలిస్ స్ప్రింగ్స్‌కూ నడుమ సుమారు వెయ్యి కిలోమీటర్లు అప్పట్లో పట్టాలే లేవు. జపాన్‌తో యుద్ధం వస్తుందన్న భయంతో 1940 చివర్లో మూడు రాష్ట్రాల రోడ్డు శాఖలు తలా ఒక ముక్క పంచుకుని, మూడు నెలల్లో, టెనెంట్ క్రీక్ నుంచి బర్డమ్ దాకా గ్రావెల్ రోడ్డు వేశాయి. ఉత్తరానికి సైనికులు, ఆయుధాలు ఆ రోడ్డునే వచ్చేవి. ఖాళీగా తిరిగి వెళ్ళే సైనిక లారీల్లో ఈ పిల్లలు దక్షిణానికి వెళ్ళారు. ఎర్రమట్టి దుమ్ము. పగలు ఎండ, రాత్రి చలి.

ఆ దారి పక్కన నన్ను కలవరపెట్టే సంగతి ఒకటుంది. పైన్ క్రీక్, కేథరీన్, టెనెంట్ క్రీక్. ఇవి ఈ పిల్లల్లో కొందరిని పట్టుకొచ్చిన ప్రాంతాలు. ఆ దుమ్ములో ఎక్కడో, ఏ ఎస్టేటు పశువుల దొడ్డి దగ్గరో, ఏ నది పాయ పక్కనో, తమ అమ్మ ఉన్న నేల మీదుగానే కొందరు వెళ్ళి ఉంటారు. లారీ ఆపి, నీ బిడ్డ ఇదిగో, యుద్ధం అయ్యేదాకా నువ్వే చూసుకో అని అప్పగించి ఉంటే ఏ చట్టం మునిగిపోయేది? కానీ అప్పగించడం ఆ చట్టంలో లేదు.

అదే ఏప్రిల్‌లో మన తీరం మీదా బాంబులు పడ్డాయి. 6వ తేదీన ర్యూజో అనే జపాన్ నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద దాడి చేశాయి. డార్విన్‌ను కొట్టిన నాలుగు నౌకల్లో మూడు అంతకు ముందురోజే కొలంబో మీదికి విమానాల్ని పంపాయి. విశాఖ, కాకినాడ, మద్రాసుల్లో జనం ఇళ్ళకు తాళాలు వేసి, దొరికిన బండి ఎక్కి ఊళ్ళకు పారిపోయారు. ఆ రోజుల గురించి మన పెద్దవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. వాళ్ళకు వెళ్ళడానికి అత్తగారి ఊరో, అమ్మమ్మగారి ఊరో ఉంది. అరుగు మీద చాప వేసి, ఉన్నంతలో అన్నం పెట్టే మనిషి ఉంది. క్రోకర్ పిల్లలకూ అమ్మమ్మలున్నారు. ఆ ఇళ్ళకు వెళ్ళే హక్కే లేదు.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో 'ఘాన్' రైలెక్కారు. ఇదే పట్టాల మీద మార్చి నెలలో జనరల్ డగ్లస్ మెకార్థర్ ప్రయాణం చేశాడు. ఫిలిప్పీన్స్ వదిలి, డార్విన్ దగ్గరి బాచిలర్‌లో విమానం దిగి, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ప్రత్యేక రైలెక్కాడు. టెరోవీ స్టేషన్‌లో రైలు మారుతూ, ఫిలిప్పీన్స్‌కు మళ్ళీ వస్తానని పత్రికలకు చెప్పాడు. ఆ స్టేషన్‌లో అందుకు గుర్తుగా ఫలకం ఉంది. అదే దారిన రెండు నెలలకు పోయిన 95 మంది పిల్లల ఊసు చాలా ఏళ్ళు ఎవరూ ఎత్తలేదు.

అప్పటి ఆస్ట్రేలియాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో వెడల్పు పట్టా. ఘాన్‌ది సన్న పట్టా. ఆడిలైడ్, మెల్‌బోర్న్‌లది వెడల్పు పట్టా. న్యూ సౌత్ వేల్స్ సరిహద్దులో ఆల్‌బరీ దగ్గర మళ్ళీ వేరే కొలత. పట్టా మారిన ప్రతిచోటా అందరూ దిగి, మూటలు దించి, ఇంకో రైలెక్కాలి. మే నెల అక్కడ చలికాలపు వాకిలి. ఉత్తరపు వేడికి అలవాటుపడ్డ పిల్లలు మెల్‌బోర్న్ చలిలో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారు.

ఆట్‌ఫర్డ్

సిడ్నీకి దక్షిణాన, రాయల్ నేషనల్ పార్క్ అంచున ఆట్‌ఫర్డ్ అనే చిన్న రైల్వే ఊరుంది. ఒకపక్క నిటారు కొండ, కింద సముద్రం, మధ్యలో అడవి. అక్కడ మెథడిస్టు చర్చికి ఒక శిబిరం ఉండేది. పిల్లల్ని అక్కడ ఉంచారు. యుద్ధం నుంచి 5,000 కిలోమీటర్లు దూరం వచ్చామనుకున్నారు. కానీ అదే మే నెల చివరి రాత్రి మూడు జపాన్ బుల్లి జలాంతర్గాములు సిడ్నీ రేవులోకి చొరబడ్డాయి. ఒకటి వదిలిన టార్పీడో పేలి, కుట్టబుల్ అనే ఓడలో పడుకున్న 21 మంది నావికులు చనిపోయారు.

ఆట్‌ఫర్డ్‌లో పిల్లలు నాలుగేళ్ళున్నారు. ఊరి బడికి వెళ్ళారు, తెల్లపిల్లల పక్కన కూర్చుని చదువుకున్నారు. అక్కడి రోజుల్ని ఇష్టంగా తలచుకున్నవాళ్ళున్నారు. పెద్దపిల్లల్లో కొందరు పనుల్లో కుదిరి, ఇక ఉత్తరానికి తిరిగి రాలేదు. నాకు ఈ నాలుగేళ్ళే అసలు ప్రశ్న వేస్తాయి. ఈ పిల్లలు తెల్ల సమాజంలో కలవాలనే గదా తల్లుల దగ్గరి నుంచి తెచ్చారు? ఇక్కడ ఆ పని జరుగుతూనే ఉంది. యుద్ధం ముగియగానే మళ్ళీ దీవికి తోలుకుపోయారు. ఆ విధానం వెనకున్న లెక్క ఆ పిల్లల మేలు కోసం వేసింది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

క్రోకర్ పిల్లలొక్కళ్ళే కాదు. గార్డెన్ పాయింట్ పిల్లల్ని దక్షిణ ఆస్ట్రేలియాలోని కారియెటన్‌కు, డార్విన్‌లోని మరో మిషన్ పిల్లల్ని బాలక్లావాకు, ఆలిస్ స్ప్రింగ్స్ పిల్లల్ని న్యూ సౌత్ వేల్స్‌లోని మల్గోవాకు తరలించారు. క్వీన్స్‌లాండ్‌లో జరిగింది ఇంకా ఘోరం. కేప్ బెడ్‌ఫర్డ్ లూథరన్ మిషన్‌లోని గూగు యిమిథిర్ జనాన్ని 1942 మే నెలలో సైన్యమూ పోలీసులూ వచ్చి, కట్టుబట్టలతో లారీలెక్కించారు. అక్కడి ముసలి పాస్టరు జార్జ్ ష్వార్జ్ జర్మనీలో పుట్టినవాడు కావడమే వాళ్ళు చేసిన నేరం. ఆయన్ను నిర్బంధ శిబిరానికి, జనాన్ని వెయ్యి కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న వూరాబిందాకు పంపారు. వేడి తీరపు జనం ఆ కొత్త చోటి చలికీ జబ్బులకూ పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1949లో గానీ మిగిలినవాళ్ళు తిరిగి రావడం మొదలుకాలేదు.

ఉత్తర తీరంలో ఉండిపోయిన ఆదివాసులు యుద్ధమంతా ఆ తీరాన్ని కాశారు. డార్విన్ దాడి నాడు మెల్విల్ దీవిలో కూలిన విమానపు పైలట్‌ను టివి తెగకు చెందిన మథియాస్ ఉలుంగురా పట్టుకున్నాడు. ఆస్ట్రేలియా నేల మీద చిక్కిన తొలి జపాన్ యుద్ధఖైదీ ఆ పైలటే. క్రోకర్ పొరుగున ఉన్న గౌల్‌బర్న్ దీవి మిషనరీ లెన్ కెంటిష్ 1943 జనవరిలో పేట్రీషియా కామ్ అనే ఓడలో వెళ్తుండగా జపాన్ విమానం దాన్ని ముంచేసింది. నీళ్ళలో దిగి, ఆయన్నొక్కణ్ణి ఎక్కించుకుపోయింది. మే నెలలో అరూ దీవుల్లో తల నరికారు. క్రోకర్ పిల్లలు అక్కడే ఉండిపోతే ఏం జరిగి ఉండేదో ఎవరూ చెప్పలేరు గానీ, భయం ఉత్తదేమీ కాదు.

తిరిగి వచ్చాక

1946లో మార్గరెట్ సోమర్‌విల్ తనతో వస్తామన్న, రావలసివచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని ఓడలో ఉత్తరానికి వచ్చారు. దీవి మీద మళ్ళీ ఇళ్ళు, తోటలు, బడి. ఆమె 1965 దాకా క్రోకర్‌లోనే పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. వయసు నూరు దాటాక 2014లో కన్నుమూశారు. ఆమె 'దే క్రాస్డ్ ఎ కాంటినెంట్' అని ఈ యాత్ర మీద ఒక పుస్తకం రాశారు. డార్విన్‌లో ఇప్పటికీ నడుస్తున్న ఒక సేవాసంస్థకు ఆమె పేరే ఉంది. ఆమెను అమ్మలా తలచుకున్న పిల్లలున్నారు. ఆ ప్రేమను ఎవరూ కాదనలేరు. ఆ పిల్లల్లో కొందరికి సొంత అమ్మ దొరికేసరికి వయసు మీరిపోయింది. మరికొందరికి సమాధే దొరికింది. ఒకే మనిషి జీవితంలో ఈ రెండూ ఉంటాయి, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కప్పేయకూడదు.

పిల్లల వసతి 1968లో మూతపడింది. ఆ తర్వాత క్రోకర్ మెల్లగా దాని అసలు మనుషుల చేతికి వచ్చింది. నిజానికి మిషన్ కాలంలోనే ఇక్కడ ఇంకో జీవితం సాగుతూ ఉండేది. పడమటి ఆర్నెమ్ ల్యాండ్ చిత్రకారుల్లో చాలా పెద్దవాడైన యిరవాలా 1950ల చివర్లో క్రోకర్ వచ్చి స్థిరపడ్డాడు. చెట్టు బెరడు మీద ఎర్రమట్టి, తెల్లసుద్ద, బొగ్గుతో, సన్నని పుల్ల కుంచెతో ఒకదాన్నొకటి ఖండించే గీతల అల్లికలు వేసేవాడు. ఆయన బొమ్మలు 139 ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుక్కుంది. ఒకే దీవిలో ఒకపక్క ఆదివాసీ పిల్లలకు ఆదివాసీతనం మరిపించే బడి, ఇంకోపక్క ఆ సంస్కృతికి శిఖరం లాంటి మనిషి. ఆ రోజుల క్రోకర్‌ను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

1990ల్లో మేరీ యార్మిర్, ఇంకొన్ని తెగలవాళ్ళు కలిసి, భూమి మీదే కాదు, దీవి చుట్టూ ఉన్న సముద్రం మీద కూడా మాకు హక్కుందని కోర్టుకెక్కారు. 2001 అక్టోబరులో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, సముద్రం మీద ఆదివాసుల సంప్రదాయ హక్కు ఉందని ఒప్పుకుంది. చేపలు పట్టుకోవచ్చు, పవిత్ర స్థలాలు కాపాడుకోవచ్చు. కానీ ఇతరుల్ని రావద్దనే హక్కు మాత్రం లేదంది. సగం గెలుపే. అయినా ఆస్ట్రేలియాలో సముద్రానికి ఆదివాసీ హక్కుదారులున్నారని చట్టం మొదటిసారి పలికింది క్రోకర్ పేరుతోనే. 2005 మార్చిలో ఇంగ్రిడ్ తుపాను మింజిలాంగ్‌ను బాగా దెబ్బతీసినా ఊరు మళ్ళీ లేచింది.

యాత్రలో నడిచిన పిల్లల కథకు న్యాయం జరగడం మాత్రం ఇంకా ఆలస్యమైంది. 1997లో 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక వచ్చింది. 1910 నుంచి 1970 మధ్య ఆదివాసీ పిల్లల్లో తక్కువలో తక్కువ పదిమందిలో ఒకరిని, కొన్ని చోట్ల ముగ్గురిలో ఒకరిని కుటుంబాల నుంచి వేరుచేశారని అది లెక్కగట్టింది. అదే ఏడు హైకోర్టు 1918 ఆర్డినెన్స్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2012లో దర్శకుడు స్టీవెన్ మెక్‌గ్రెగర్ 'క్రోకర్ ఐలాండ్ ఎక్సోడస్' అనే డాక్యుమెంటరీ తీశాడు. యాత్రలో చిన్నపిల్లలుగా ఉన్న ఆడవాళ్ళు ముసలివాళ్ళయ్యాక, కెమెరా ముందు తమ నోటితో ఆ కథ చెప్పారు. అప్పటిదాకా ఆ యాత్ర గురించి లోకం విన్నది ఎక్కువగా మిషన్ వాళ్ళ మాటే. ఆ ఆడవాళ్ళ కథలో నవ్వులున్నాయి, రైలెక్కిన సంబరం ఉంది, అమ్మ జ్ఞాపకం కూడా ఉంది.

డబ్బు పరిహారం 2021 ఆగస్టులో గానీ ప్రకటించలేదు. నార్తర్న్ టెరిటరీలో అలా వేరుచేయబడిన ప్రతి మనిషికీ 75,000 డాలర్లు, దాని పైన మనసు కుదుటపడటానికి సాయంగా మరో 7,000. తమకు జరిగింది చెప్పుకుంటే ప్రభుత్వ ప్రతినిధి ఎదుట కూర్చుని వింటాడన్న ఏర్పాటు కూడా పెట్టారు. 2022 మార్చి నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. మనిషి 2021 ఆగస్టు 5 నాటికి బతికి ఉంటేనే అర్హత. ఆ తర్వాత చనిపోతే కుటుంబం అడగవచ్చన్నారు, అంతకుముందు చనిపోతే అడగడానికి లేదన్నారు. 1942లో దోనెలో కూర్చుని ఈస్ట్ అలిగేటర్ దాటిన వాళ్ళలో అందరికంటే చిన్నపిల్లకు కూడా ఆ రోజుకు ఎనభై ఏళ్ళు. నడిచి వచ్చిన పదేళ్ళ పిల్లకు దాదాపు తొంభై.